మాట ఇటు, బాట అటు

సంకల్పం చెప్పుకునేటప్పుడు, ప్రమాణం చేసేటప్పుడు ‘త్రికరణశుద్ధిగా’ అని ఒక్క ఊపులో అనేస్తాం. మనసు, మాట, చేత ఒక్కటి కావడం ఎంత కష్టమో అండమాన్‌లో రెండు చోట్ల కళ్లకు కడుతుంది. ఒకటి జైలు, రెండోది రోడ్డు.

పోర్ట్‌బ్లెయిర్‌ను ఆనుకుని ఉన్న బతు బస్తీలో తెలుగు వినబడటం వింతేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో 3,80,581 మంది ఉన్నారు. వాళ్లలో తెలుగును మాతృభాషగా రాయించుకున్నవాళ్లు నూటికి 13 మంది. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనదే. ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చినవాళ్లు. కొందరు వలలతో వచ్చారు, కొందరు తాపీ పనికొచ్చారు, కొందరు రేవులో కూలికొచ్చారు. విశాఖలో ఓడెక్కి రెండు మూడు రాత్రులు సముద్రం మీద గడిపి ఇక్కడ దిగిన తాతల మనవలు ఇప్పుడు మూడు భాషలు కలిపి మాట్లాడుతున్నారు. ఊరి పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. ఆటో మాట్లాడుకునేటప్పుడు మాత్రం ఇంకా పోర్ట్‌బ్లెయిరే.

బస్తీ నుంచి ఊళ్లోకి వెళ్తే సముద్రం ఒడ్డున సెల్యులర్ జైలు. ఉత్తరం పట్టుకుని పోతే జిర్కటాంగ్, అక్కణ్నుంచి జారవా ఆదివాసుల అడవి. ఇంటికొచ్చిన చుట్టాలను తిప్పే చోట్లలో ఈ రెండూ ఉంటాయి. జైల్లో కళ్లు తుడుచుకుంటారు. అడవి దారిలో అవే కళ్లు బస్సు అద్దానికి అంటించి కూర్చుంటారు. మనసు, మాట, చేతల సంగతి రాయాలంటే ఈ రెండింటికి మించిన చోటు నాకు తోచలేదు.

పది తప్పుల పద్దు

బళ్లో నేర్పే సంస్కృత నీతి శ్లోకాల్లో ఒకటి మనుషుల్ని రెండు గుంపులుగా విడగొడుతుంది. తలచిందే పలికి, పలికిందే చేసేవాళ్లు ఒక గుంపు. మూడింటికీ మూడు దారులున్నవాళ్లు రెండో గుంపు. మొదటివాళ్లు మహాత్ములు, రెండోవాళ్లు దుర్మార్గులు. చిన్నది, చక్కనిది, నోటికి పట్టేది. అదే దాని బలహీనత కూడా. అప్పజెప్పిన ప్రతి పిల్లాడూ, దిద్దిన ప్రతి మాస్టారూ తాను మొదటి గుంపులోనే ఉన్నాననుకుంటాడు.

ఇంతకంటే గట్టిగా నిలదీసే లెక్క మనుస్మృతి పన్నెండో అధ్యాయంలో ఉంది. మనుస్మృతిలో మెచ్చుకోలేనివి చాలా ఉన్నాయి. ఈ పద్దు మాత్రం పనికొచ్చేది. మనసుతో చేసే తప్పులు మూడు: పరుల సొమ్ము మీద ఆశ, పరులకు చెడు తలపెట్టడం, తప్పుడు నమ్మకాన్ని పట్టుకు వేలాడటం. ఒంటితో చేసేవి మూడు: ఇవ్వనిది తీసుకోవడం, హింసించడం, పరాయి ఆలి పొందు. మాటతో చేసేవి నాలుగు. కరుకు మాట, అబద్ధం, చాడీ, పొంతన లేని వాగుడు. మూడు, మూడు, నాలుగు. అందరికంటే ఎక్కువ వాటా నాలుకదే! ఊరికే వాగడం కూడా పాపమైతే మన వాట్సాప్ గ్రూపుల్లో పుణ్యాత్ములెవరూ మిగలరు.

బౌద్ధుల పద్దులోనూ అకుశల కర్మలు పదే, పంపకం కూడా ఇదే: ఒంటికి మూడు, నోటికి నాలుగు, మనసుకు మూడు. అంటే ఒకనాడు అమరావతి, నాగార్జునకొండ విహారాల్లో భిక్షువులు, ఆ పక్క ఊళ్లలో వైదికులు ఒకరి దేవుణ్ని ఒకరు ఒప్పుకోకపోయినా మనిషి తప్పుల్ని మాత్రం ఒకే తీరుగా లెక్కపెట్టుకున్నారు. జ్యేష్ఠ శుద్ధ దశమిని పంచాంగాల్లో దశపాపహర దశమి అనడం ఈ పదింటిని బట్టే. శ్రీవైష్ణవ జీయర్ల చేతిలో మూడు కర్రలు కలిపి కట్టిన దండం చూసే ఉంటారు. మాట, మనసు, ఒళ్లు మూడింటినీ అదుపులో పెట్టినవాడే త్రిదండి అని మనుస్మృతి ఆ అధ్యాయంలోనే చెబుతుంది.

భగవద్గీత మూడో అధ్యాయం ఇంకో మెలిక పెట్టింది. చేతులు కట్టుకుని కూర్చుని, మనసులో మాత్రం భోగాలు నెమరేసుకునేవాణ్ని మిథ్యాచారుడంది. బయటికి ఏ తప్పూ చేయలేదు కదా అని అతను తప్పించుకోలేడు. పార్సీలైతే తమ మతాన్నంతా మూడు మాటల్లో ఇమిడ్చి చెబుతారు: మంచి తలపు, మంచి పలుకు, మంచి పని. ఇంత దూరాన ఇంతమంది మూడింటినీ కలిపే మాట్లాడారంటే, అవి వాటంతటవి కలవవని అందరికీ అనుభవమేనన్నమాట.

అర్జునుడు కత్తి దూసిన పూట

మూడూ కలిస్తే చాలా? ఈ ప్రశ్నకు మహాభారతం కర్ణపర్వంలో ఒక కథ ఉంది. నా లెక్కలో త్రికరణాల మీద సంస్కృతం చెప్పినవాటిలో ఇంతకంటే లోతైనది లేదు.

పదిహేడో రోజు యుద్ధం. కర్ణుడి బాణాలకు ఒళ్లంతా గాయాలై ధర్మరాజు శిబిరానికి చేరుకున్నాడు. అన్నకేమైందో చూద్దామని అర్జునుడు, కృష్ణుడు వచ్చారు. వాళ్లను చూసి కర్ణుడి పని అయిపోయిందనుకుని ధర్మరాజు పొంగిపోయాడు. ఇంకా బతికే ఉన్నాడని తెలిసేసరికి అంత సంబరమూ కోపంగా మారింది. నీవల్ల కాకపోతే ఆ గాండీవం ఇంకెవరికైనా ఇచ్చెయ్యమన్నాడు. అర్జునుడు కత్తి దూశాడు. గాండీవం వేరొకరికి ఇమ్మన్నవాడి తల తీస్తానని అతను ఎప్పుడో లోలోపల ప్రతిజ్ఞ చేసుకున్నాడు.

చూడండి, ఇక్కడ లోపమేమీ లేదు. మనసులో అనుకున్నాడు, మాట ఇచ్చుకున్నాడు, చేయబోతున్నాడు. నీతి శ్లోకం కొలతకు సరిగ్గా సరిపోయాడు. ఒక్క వేటుకు అన్న తల తెగితే అర్జునుడు మహాత్ముల జాబితాలో చేరిపోయేవాడు.

కృష్ణుడు అడ్డుపడ్డాడు. పెద్దల దగ్గర కూర్చుని నేర్చుకోనివాడి తీరుగా ఉందని గద్దించి, కౌశికుడి సంగతి చెప్పాడు. నదులు కలిసేచోట తపస్సు చేసుకుంటూ, అబద్ధమాడనని వ్రతం పట్టిన బ్రాహ్మణుడతను. దొంగలు తరుముతుంటే కొందరు ఆ దాపుల అడవిలోకి వచ్చి దాక్కున్నారు. వెనకే దొంగలొచ్చి ఎటు పోయారని అడిగారు. కౌశికుడు ఉన్నదున్నట్టు చెప్పాడు. దొంగలు వెళ్లి అందరినీ చంపారు. కౌశికుడు నరకానికి పోయాడు. అతని మనసులో ఉన్నదే నోట వచ్చింది, ఆ మాటలో పొల్లు లేదు.

తర్వాత కృష్ణుడు చూపిన దారి ఇంకా చిత్రమైనది. పెద్దవాణ్ని ఏకవచనంలో నిందిస్తే చంపినట్టే, కాబట్టి అన్నను నాలుగు మాటలు అనేయమన్నాడు. అర్జునుడు అన్నాడు. అనేశాక సిగ్గుతో తన తలే తీసుకోబోయాడు. దానికీ కృష్ణుడి దగ్గర మందుంది: తన గొప్ప తానే చెప్పుకోవడం ఆత్మహత్యతో సమానం, కానివ్వమన్నాడు. (సన్మాన సభల్లో మైకు వదలని మన పెద్దలు కర్ణపర్వం ఒకసారి తిరగేస్తే బాగుండు.)

శ్లోకం మూడూ ఒకటేనా అని అడిగి ఊరుకుంటుంది. కర్ణపర్వం అవి కలిసి ఎవరి మెడ మీద పడబోతున్నాయో కూడా చూడమంటుంది. అండమాన్‌లో జైలుకూ రోడ్డుకూ ఈ రెండో ప్రశ్నే కావాలి.

గొళ్లెం గోడలో

సెల్యులర్ జైలు కట్టడం 1896లో మొదలై 1906లో ముగిసింది. నడుమ ఒక బురుజు, దాన్నుంచి ఏడు పక్కలకు మూడేసి అంతస్తుల వరసలు. ఒక వరసలోని గదుల ముఖం పక్క వరస వీపు వైపు ఉంటుంది. కడ్డీల్లోంచి ఎంత తొంగి చూసినా ఎదుట కనిపించేది గోడే. గది పొడవు పదమూడున్నర అడుగులు, వెడల్పు ఏడడుగులు దాటి కాస్త. గాలి కోసం పెట్టిన కిటికీ మనిషి తలకు అందనంత ఎత్తున ఉంది.

ఇక్కడికొచ్చే మనవాళ్లు ఉరికంబం దగ్గర ఎక్కువసేపు నిలబడతారు. నేనైతే తలుపు గొళ్లెం చూడమంటాను. ఇనుప గడియ తలుపు దగ్గర ఆగదు. బయటి గోడలో తొలిచిన గూటిలోకి, చాలా దూరం పోయి పడుతుంది. తాళం అక్కడ వేస్తారు. లోపలి మనిషి కడ్డీల సందులోంచి చెయ్యి ఎంత చాపినా వేళ్లు అక్కడిదాకా పోవు. పారిపోకుండా చేయడానికైతే మామూలు తాళం చాలు. ఇది మనిషికి ‘ఇక ప్రయత్నం కూడా దండగ’ అని రోజూ గుర్తు చేయడానికి పెట్టింది.

లోపల చేయించే పని కూడా ఆ పద్ధతిలోనే ఉండేది. గానుగకు ఎద్దుల బదులు మనుషుల్ని కట్టి, రోజుకు 30 పౌన్ల కొబ్బరి నూనె తీయమనేవాళ్లు. కొబ్బరి పీచు దంచమనేవాళ్లు. ఖైదీలు ఒకరితో ఒకరు మాట్లాడటం నేరం. పని ఒంటిది, అదీ తెల్లవాడు చెప్పిందే. మాటకు గోడలడ్డం. ఇక మనసు దానంతటదే విరిగిపోతుందని వాళ్ల లెక్క. ఏ దేశభక్తుడిలో తలపూ పలుకూ పనీ ఒకటయ్యాయో, అతనిలో వాటిని విడదీయడానికే ఈ కట్టడం కట్టారనిపిస్తుంది.

1933 మే 12న ఖైదీలు నిరాహార దీక్షకు దిగారు. వాళ్లడిగినవి స్వరాజ్యం లాంటి పెద్ద మాటలు కావు. తినగలిగే తిండి, రాత్రి గదిలో దీపం, చదువుకోవడానికి పుస్తకాలు. ముక్కులోంచి గొట్టం వేసి బలవంతంగా పాలు పోశారు. మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమదాస్, మోహిత్ మైత్ర ఆ మే నెలలోనే చనిపోయారు. మిగిలినవాళ్లు 46 రోజులు నిలబడ్డారు. దీపాలొచ్చాయి, పుస్తకాలొచ్చాయి, జైలు బడిగా మారింది. నోరు మూయించినచోట వాళ్లు కడుపుతో మాట్లాడారు, ఆ మాట గొళ్లెం దాటి దేశమంతా వినబడింది.

అప్పటి ఖైదీల్లో మనవాళ్లూ ఉన్నారు. సత్యాగ్రహుల్ని చావబాదిన పోలీసు అధికారుల మీద పగ తీర్చుకోవాలని చూసి, 1933 కాకినాడ బాంబు కేసులో దొరికిపోయిన ప్రతివాది భయంకరాచారి వాళ్లలో ఒకరు. అంతకు ఏళ్ల ముందే మన్యం నుంచి అల్లూరి సీతారామరాజు అనుచరుల్ని అండమాన్‌కు పంపడం మొదలైంది. గాం మల్లుదొర వాళ్లలో ముఖ్యుడు.

మనసు మారితే?

1937 జూలై 24న రెండో పెద్ద దీక్ష. ఈసారి అడిగింది తిరిగి దేశానికి పంపమని, రాజకీయ ఖైదీలను విడిచిపెట్టమని. దేశమంతా ఊరేగింపులు జరిగాయి. ఆగస్టు చివర్లో గాంధీజీ నుంచి తంతి వచ్చింది. దీక్ష మానండి, మీలో ఒకప్పుడు హింసను నమ్మినవాళ్లు ఇప్పుడు నమ్మడం లేదని హామీ ఇవ్వగలిగితే నా పని సులువవుతుందని దాని సారాంశం. ఖైదీలు ఆలోచించి జవాబిచ్చారు. ఎప్పుడైనా ఆ మార్గాన్ని నమ్మినవాళ్లం ఇప్పుడు నమ్మడం లేదు అని.

నీతి శ్లోకం ఇరుకున పడే చోటిది. ఒకప్పుడు బాంబును నమ్మారు, నమ్మినట్టే చెప్పారు, చెప్పినట్టే చేశారు. ఇప్పుడు మనసు మారింది. మొదటి మాటకు కట్టుబడితే మనసుకు అబద్ధం. మనసుకు కట్టుబడితే మొదటి మాటకు అబద్ధం. పైగా, ఆకలి మీద ఉండి, ఇంటికి పోయే దారి కనబడుతుండగా ఇచ్చిన హామీ. అవసరానికి అన్నారనేవాళ్లు అప్పుడూ ఉన్నారు.

తేల్చింది ఆ తర్వాతి బతుకులే. 1938 జనవరి నాటికి రాజకీయ ఖైదీలంతా దేశానికి చేరారు. వాళ్లలో చాలామంది జైల్లో చదివిన చదువుతో రైతుల్లోకి, కార్మికుల్లోకి వెళ్లారు. 1935లో జైల్లోనే కమ్యూనిస్టు కన్సాలిడేషన్ పెట్టుకున్నవాళ్లకు అదేమీ కొత్త దారి కాదు. మన్యంలో తెల్లవాడి మీద తుపాకి పట్టిన గాం మల్లుదొర 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో నిలబడి విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. కొండ దిగి పార్లమెంటు మెట్లెక్కినవాడు మొదటి నమ్మకానికి ద్రోహం చేశాడని అంటామా? నేననను. మనసు మారినప్పుడు మాటనూ పనినీ దానితోపాటు తీసుకురావడం కూడా త్రికరణశుద్ధే. ఎవరికీ తెలియకుండా మనసొక్కటే మార్చుకుని, పాత నినాదాల మీద బతికేవాళ్లతోనే చిక్కు.

అండమాన్ అనగానే ఒక పేరు దగ్గర వాదులాట మొదలవుతుంది. ఇక్కడి విమానాశ్రయానికి ఆయన పేరే పెట్టారు. వినాయక్ దామోదర్ సావర్కర్ ఈ జైలు నుంచి పెట్టుకున్న విడుదల అర్జీలు ఎత్తుగడా, లొంగుబాటా అని నూరేళ్లుగా తేలలేదు. త్రికరణాల కొలతతోనూ తేలదు. కాగితం మీద మాట కనబడుతుంది, తర్వాతి పనులు కనబడతాయి, 1913లో అర్జీ రాస్తున్నప్పటి మనసును బయటికి తీసి చూపించేదెవరు? ఇరుపక్షాలవాళ్లూ ఆ మనసు తాము చూసినట్టే మాట్లాడతారు. ఇంకొకరి త్రికరణాల మీద తీర్పు చెప్పడం తేలికే, సగం సాక్ష్యం మనమే కల్పించుకుంటాం కాబట్టి.

మన గిరీశాలు

కన్యాశుల్కం నాటకం పుట్టిన విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లకు మాటకూ చేతకూ ఉన్న ఎడం గురించి చెప్పాల్సింది తక్కువ. వితంతు వివాహాల మీద, వేశ్యా సంపర్కం మీద గిరీశం ఇచ్చే ఉపన్యాసాలకు వంక పెట్టలేం. మాట వరకు ఆయన సంస్కర్తే. అదే కాలంలో, అవే మాటలు చెప్పిన కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించి, తర్వాత ఊరి వెలిని భరించారు. గురజాడ గొప్పతనం గిరీశాన్ని దుర్మార్గుడిగా కాక ముచ్చటైన మనిషిగా మలచడంలో ఉంది. అతన్ని చూసి నవ్వుతూ నవ్వుతూ మనం అతని పక్కనే కూర్చుంటాం. ఎక్కడ కూర్చుంటామంటారా? జిర్కటాంగ్ వెళ్లే బస్సులో.

కాన్వాయ్

పోర్ట్‌బ్లెయిర్ నుంచి డిగ్లీపూర్ దాకా పోయే అండమాన్ ట్రంక్ రోడ్డు పొడవు 330 కిలోమీటర్ల పైచిలుకు. అందులో జిర్కటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా దాదాపు 50 కిలోమీటర్లు జారవాల అడవిలోంచి పోతుంది. వేల ఏళ్లుగా ఈ దీవుల్లో వేట మీద, అడవి తేనె మీద, సముద్రం మీద బతుకుతున్న జనమది. 2011 లెక్కకు 400 మంది కూడా లేరు. వాళ్ల నేలను, వాళ్లను కాపాడాలని 1956లోనే చట్టం చేశాం. ఆ అడవిని చీల్చుకుంటూ రోడ్డు వేసిందీ మనమే.

2002 మేలో సుప్రీంకోర్టు, తాను నియమించిన శేఖర్ సింగ్ కమిషన్ సిఫార్సుల మేరకు, జారవాల ప్రాంతంలో ఈ రోడ్డు మూసేయమంది. రోడ్డు నడుస్తూనే ఉంది. 2012 జనవరిలో జారవా ఆడవాళ్లను తిండి ఆశచూపి ఆడిస్తున్న వీడియో ప్రపంచమంతా చూసింది. చట్టానికి కోరలు పెట్టారు, శిక్షలు పెంచారు. మరుసటి ఏడాది కోర్టు కొన్ని వారాలపాటు ఆ దారిలో పర్యాటకుల్ని ఆపింది కూడా. మళ్లీ మామూలే.

తెల్లవారుజామున మూడింటికే బస్తీ వైపు టాక్సీలు లేస్తాయి, ఆరు గంటల తొలి కాన్వాయ్ అందుకోవాలని. జిర్కటాంగ్ గేటు దగ్గర బళ్లు బారులు తీరి ఉంటాయి. పేర్లు, గుర్తింపు కార్డులు రాసిచ్చి, టీ తాగి, పూరీలు తిని, పిల్లల్ని నిద్రలేపి కూర్చోబెడతారు. పక్కన బోర్డు. ఆపకూడదు, ఫొటోలు తీయకూడదు, తినేది ఇవ్వకూడదు, ముందు బండిని దాటకూడదు. గేటు ఎత్తగానే ముందూ వెనకా పోలీసు కాపలాతో బళ్లన్నీ కదులుతాయి.

ఇక ఆ బస్సులోని త్రికరణాలు చూడండి. ప్యాకేజీ కాగితంలో రాసింది బారాతాంగ్ సున్నపురాయి గుహలు, మట్టి అగ్నిపర్వతం. అది మాట. కిటికీ పక్క సీటు కోసం పోటీ, యాభై కిలోమీటర్లూ రెప్ప వాల్చకుండా అద్దంలోంచి చూపు. అది చేత. ‘చూపిస్తారా’ అని డ్రైవర్‌ను ఎవరూ అడగరు, మర్యాద తెలిసినవాళ్లం కదా. ‘కనిపిస్తారా’ అంటారు. మనసులో ఉన్నదేమిటో ఆ ఒక్క ప్రశ్నలో బయటపడుతుంది. ఫోన్ జేబులోనే ఉంటుంది, నియమం తప్పలేదు. గీత చెప్పిన మిథ్యాచారుడు ఏసీ బస్సులో సీటు బెల్టు పెట్టుకుని కూర్చున్నట్టుంటుంది.

ప్రభుత్వానికీ త్రికరణాలుంటాయి. చట్టం దాని మనసు, బోర్డు దాని మాట, గేటు ఎత్తడం దాని చేత. మనసు కాపాడతానంటుంది, మాట ముట్టుకోవద్దంటుంది, చెయ్యి రోజూ ఇన్ని బళ్లను అడవిలోకి వదులుతుంది. ఈ ఎడం ఏ ఒక్క అధికారి కపటం వల్లా రాలేదు. అందుకే దాన్ని పట్టుకోవడం కష్టం. గేటు ఎత్తే కానిస్టేబుల్ డ్యూటీ చేస్తున్నాడు, టూరు ఏజెంటు రాసిందే అమ్ముతున్నాడు, మనం గుహలు చూడటానికే వెళ్తున్నాం. అందరూ నిర్దోషులే! 1999లో జారవాలకు తట్టు సోకింది. బయటివాళ్ల జబ్బు అది.

ఆ రోడ్డును ఇప్పటికిప్పుడు మూసేయమని బతు బస్తీలో నిలబడి గట్టిగా అనడానికి మాత్రం నోరు రాదు. అడవికి అవతల రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్‌లలో వేల కుటుంబాలున్నాయి. వాళ్లను తెచ్చి అక్కడ నిలిపింది ప్రభుత్వమే. కాన్పు కష్టమైనా, గుండె నొప్పి వచ్చినా వాళ్లకు పెద్దాసుపత్రి పోర్ట్‌బ్లెయిర్‌లోని జీబీ పంత్. అది ఉన్నది సెల్యులర్ జైలు ఆవరణలో. ఏడు వరసల్లో నాలుగు పోయి ఇప్పుడు మూడే మిగిలాయి. పోయిన చోట మంచాలు, మందులు. డిగ్లీపూర్ రోగి రోడ్డు మీద అక్కడికి చేరాలంటే జారవాల అడవి దాటాలి. కౌశికుడిలా కోర్టు ఉత్తర్వును అక్షరమక్షరం పట్టుకుంటే రేపటి అంబులెన్స్ ఎటు పోవాలి?

జారవాలూ ఆ ఆసుపత్రికి వచ్చారు. 1996లో కదంతల దగ్గర కాలు విరిగి పడి ఉన్న ఒక జారవా కుర్రాణ్ని తెచ్చి జీబీ పంత్‌లో నెలల తరబడి వైద్యం చేసి తిరిగి పంపారు. అప్పటిదాకా కొత్తవాళ్లను చూస్తే బాణం ఎక్కుపెట్టిన జారవాలు 1997 చివర్లో విల్లంబులు లేకుండా వచ్చి ఊళ్ల అంచుల్లో నిలబడ్డారు. ఆ కుర్రాడే వాళ్లను తీసుకొచ్చాడంటారు. మంచి మనసుతో చేసిన మంచి పనే. దాని వెనకే రోడ్డు మీద బిస్కెట్లు విసిరే చేతులూ వచ్చాయి.

అయితే రోగి వేరు, వినోదం వేరు. ఆ రెంటినీ ఒకే కాన్వాయ్‌లో కలిపేయడంలోనే మోసం ఉంది. రోడ్డు ఎందుకు మూయలేదంటే డిగ్లీపూర్ రోగిని చూపిస్తారు. గేటు దగ్గర బారులో మాత్రం గుహలకు పోయే బళ్లే కొట్టొచ్చినట్టు కనబడతాయి. 2017 నుంచి పోర్ట్‌బ్లెయిర్ - బారాతాంగ్ మధ్య సముద్రం మీద కూడా దారి తెరిచారు. ద్వీపాల మధ్య పడవలు పెంచి, టికెట్లు సులువుగా దొరికేలా చేస్తే పర్యాటకుల్ని రోడ్డు మీంచి తప్పించడం అసాధ్యమేమీ కాదు. స్థానికుల బస్సులు, అంబులెన్సులు, సరుకుల లారీలు కొన్నాళ్లు పోతాయి, పోనివ్వాలి.

అండమాన్ సీజన్ అక్టోబరులో మొదలవుతుంది. విశాఖ నుంచి, హైదరాబాద్ నుంచి ప్యాకేజీలు కడుతున్నవాళ్లు బారాతాంగ్ పేరు కనబడగానే ఒక్క మాట అడగండి: రోడ్డు మీదా, సముద్రం మీదా? రోడ్డు మీద అంటే ఆ రోజును తీసేయమనండి, ఇంకో బీచ్ చూపిస్తారు. సముద్రం మీద వెళ్లడానికి పొద్దున రేవుకు పోవాలి, టికెట్ ముందే తీసుకోవాలి, గాలివాన ఉంటే పడవ నడవదు. డబ్బులు కాస్త ఎక్కువే అవుతాయి.